తుప్పు పట్టని ఇల్లు

గాజు తలుపుల ఇల్లు,
ఆదివారం

వదినా,

క్షేమంగా చేరాను. ఫోను చెయ్యలేదని ఈపాటికి మూతి ముడుచుకుని ఉంటావు. ఈ ఇంట్లోకి ఫోను రానివ్వరు. గేటు దగ్గరే తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేసేశారు. అన్నయ్య తోటి లారీ డ్రైవర్లు ఎలాగూ ఈ దారినే పోతారుగా, వాళ్ళ చేతికి ఉత్తరాలిస్తాను. అక్షర దోషాలు చూసి నవ్వకు.

ఇల్లు ఎలా ఉందంటే, లోపలికి రావడానికి రెండు గాజు తలుపులు, మధ్యలో ఇద్దరు నిలబడేంత గది. మొదటి తలుపు గట్టిగా మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. కిటికీలన్నీ ముదురు గోధుమరంగు గాజు. దగ్గుమందు సీసాలో కూర్చుని లోకాన్ని చూస్తున్నట్టుంది నాకు. గోడ లోపల ఏదో యంత్రం సన్నగా బుస కొడుతూ ఉంటుంది. మెట్లెక్కితే నాకే ఆయాసం. గాలి పలచన చేశారట, కావాలనే.

ఇక అమ్మగారు. వయసు డెబ్బై నాలుగని ఆవిడే చెప్పింది. ఒట్టు వదినా, ముప్ఫై దాటిందంటే నమ్మబుద్ధి కాదు. ఇన్నేళ్ళు పార్లర్లో ముఖాలు తోమినదాన్ని. రంగేసిన ముఖం, కుట్లేసి లాగిన ముఖం, సూదులు పొడిపించుకున్న ముఖం వీధి చివరి నుంచే పట్టేస్తాను. నూనె రాసే నెపంతో చెవుల వెనక వెతికాను. ఏమీ లేదు. అది నిజం చర్మం.

నా పని తేలికే. పూటపూటా ముఖానికి నూనె రాయాలి, భూతద్దం పెట్టి చూడాలి, ఎక్కడైనా గీత కనిపిస్తే చెప్పాలి. ఇంతవరకు చెప్పడానికేమీ దొరకలేదు. "గీతలున్న ముఖం పెట్టుకుని గీతలు పోగొడతానంటే ఎవరు నమ్ముతారే?" అని మా ఓనరమ్మ నన్ను పార్లర్లోంచి పంపించేసిందా, ఇక్కడికొస్తే నా ముఖం వంక చూసేవాళ్ళే లేరు.

వంటాయన ఒకడున్నాడు. నేను పెట్టిన పేరు నిదానం. వంకాయ కోస్తే కత్తికి దణ్ణం పెట్టుకుని కోస్తున్నట్టుంటుంది. మనిషి కుర్రాడిలా ఉంటాడు, మాట మాత్రం ముసలి మాట.

మొదటి రోజే అమ్మగారు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "గాలే మనిషిని తింటుందమ్మాయ్. ఇనుముకి తుప్పు పట్టినట్టు మనకి ముడతలు పడతాయి. ఈ ఇంట్లో తుప్పు పట్టదు." ఫ్రీ రాడికల్స్ అని ఏదో పేరు చెప్పింది. తెలిసినట్టు తలూపేశాను. చర్మం వార్డులో నర్సువి కదా, అవేంటో కాస్త చెప్పి నా పరువు కాపాడు.

నీ ఆడపడుచు


వార్డు పక్క గది,
మధ్యాహ్నం డ్యూటీలో

మహారాణి గారూ,

మూతి ముడుచుకునే ఉన్నాను. ఇక పాఠం విను.

మనం పీల్చే గాలిని ఒళ్ళు వాడుకునేటప్పుడు కొన్ని అణువులు జత తప్పిపోతాయి. ఎలక్ట్రాన్లు జంటగా ఉండాలి, వీటికి ఒకటి తక్కువ. తిన్నగా ఉండవు, పక్కనున్న అణువు దగ్గర లాక్కుంటాయి. అది ఇంకోదాని మీద పడుతుంది. మన పాత వీధిలో ఒక ఇంట్లో మొదలైన పోట్లాట సాయంత్రానికి వీధి చివరికి చేరేది చూడు, అలాగన్నమాట. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ దారాలు ఈ గొడవలో తెగుతాయి. అదే ముడత. ఎండ, సిగరెట్ పొగ, దుమ్ము తోడైతే గొడవ ముదురుతుంది.

అనుమానముంటే మీ అన్నయ్యని చూడు. లారీ కిటికీ వైపు చెంప ఎండకి మడతలు పడిపోయింది, రెండోది ఇంకా నున్నగానే ఉంది. నేను ఒక పక్క కూర్చుంటే మా ఆయన, ఇంకో పక్క కూర్చుంటే మా మామగారు. ఎండ తగలకుండా లేపనం రాసుకోమని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

అయితే గాలి పలచన చేస్తే ఇవి తగ్గిపోతాయన్న మాట విని మా డాక్టరమ్మ పెదవి విరిచింది. "ఊపిరి చాలని చోట ఒక్కోసారి ఎక్కువవుతాయి కూడా" అంది. ఇంకో సంగతి. ఇవి వట్టి దుర్మార్గులేం కాదు. ఒంట్లోకి క్రిమి దూరితే తెల్లకణాలు వీటినే దాని మీదికి ఉసిగొల్పుతాయి. చర్మం తెగితే, ఇక్కడ తెగింది రండర్రా అని కబురు పెట్టడంలోనూ వీటి చెయ్యి ఉంటుంది. బొత్తిగా లేకుండా చేస్తే ఏమవుతుందో నేనైతే చూడలేదు.

పళ్ళూ కూరలూ తిను, నిద్రపో. ఆయాసం తగ్గకపోతే సామాను సర్దుకుని వచ్చెయ్.

వదిన


గాజు తలుపుల ఇల్లు,
వానలు మొదలయ్యాక

వదినా,

వాన పడుతోందని నిదానం చెబితే తెలిసింది. ఇక్కడికి చప్పుడు రాదు.

ఆయాసం పోయింది. రోజూ పొద్దున్నే అమ్మగారు మా ఇద్దరికీ నాలుక మీద చుక్కలు వేస్తుంది, ఆవిడా వేసుకుంటుంది. నాణెం నాకినట్టుంటుంది రుచి. వేసుకున్నాక ఒళ్ళు తేలికైపోతుంది, ఆకలి అంతగా ఉండదు. నా కళ్ళ కింద నల్లటి వలయాలుండేవే, నువ్వు పాండా అని పిలిచేదానివే, అవి పోయాయి. నుదుటి మీద మూడు గీతల్లో రెండు లేవు. నిన్న అద్దంలో చూసుకుని ఎవరో అనుకుని పక్కకి తప్పుకున్నాను.

అమ్మగారు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. "నీ ఒంటికి ఇది బాగా పడింది. కావాలంటే ఇక్కడే ఉండిపోవచ్చు" అంది.

గోళ్ళ కత్తెర జారి చూపుడు వేలు తెగింది. కంగారు పడకు, చిన్నదే. రెండు చుక్కల రక్తమొచ్చి ఆగిపోయింది. నొప్పి లేదు. పోయిన ఉత్తరం నీకు పంపిన రోజుది, ఇంకా అలాగే ఉంది. విచిత్రమేంటంటే చీము లేదు, వాపు లేదు, పైన పొక్కు కూడా కట్టలేదు. ఇప్పుడే తెగినట్టు ఎర్రగా, తడిగా ఉంది. రాసేటప్పుడు కాగితానికి తగులుతుంటే చూస్తున్నాను. తగిలినట్టు తెలియడం లేదు.

నిదానం నా వేలు చూసి, "అయ్యో, అప్పుడేనా!" అన్నాడు.

నీ ఆడపడుచు


వార్డు పక్క గది

ఏమే,

ఇంత ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. వేలు తెగడం కూడా వాన గురించి రాసినట్టు రాసి పారేశావు. పోయిన ఉత్తరం నాకు అందినప్పుడు ఎండలు మండిపోతున్నాయి, తెలుసా? అంతకాలం కోత కోతలాగే ఉండడమేంటి? కుళ్ళాలి, లేకపోతే మానాలి. రెండూ చెయ్యని పుండు నా సర్వీసులో చూడలేదు. డాక్టరమ్మకి చెబితే చేతిలో పని ఆపేసి, "ఆ అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగింది.

ఆ చుక్కలు మానెయ్. సీసా మీద ఏం రాసుందో చూసి రాయి. షుగరు లేదని నువ్వు వెళ్ళే ముందే పరీక్ష చేయించాను కదా నీకు. కాబట్టి తప్పు నీ ఒంట్లో లేదు, ఆ ఇంట్లో ఉంది.

నుదుటి గీతలు పోతే పోయాయి. అవి లేకపోతే నీకు కోపమొచ్చిందో లేదో నాకెలా తెలుస్తుందే?

వెంటనే జవాబు రాయి.

వదిన


గాజు తలుపుల ఇల్లు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించండి. ఇక్కడ దేనికీ తొందర ఉండదు.

సీసా మీద ఏమీ రాసి లేదు. చుక్కలు మానలేదు. అమ్మగారికి నా మీద నమ్మకం కుదిరింది. ఇప్పుడు స్నానానికి కూడా నన్నే పిలుస్తున్నారు. మెడ వరకూ బొత్తాలున్న పొడుగు చేతుల గౌను, చేతులకి మెత్తటి తొడుగులు వేసుకుంటారని ఇంతకు ముందు రాశానో లేదో. అవి మొదటిసారి విప్పాను.

ఒంటి మీద చర్మం రంగు పట్టీలున్నాయి. భుజాల మీద, మోచేతుల మీద, మోకాళ్ళ మీద, వీపంతా. "నెమ్మదిగా తియ్యి. కొత్తవి వెయ్యాలి" అన్నారు. తీశాను. ప్రతి పట్టీ కింద ఒక గాయముంది. గీరుడు, కోత, వేడి గిన్నె తగిలిన చోటు, జారిపడినప్పుడు చెక్కుకుపోయిన చోటు. ఒక్కటీ మానలేదు. ఒక్కటీ కుళ్ళలేదు. అన్నీ ఇప్పుడే తగిలినంత తాజాగా ఉన్నాయి. అమ్మగారు వేలితో చూపిస్తూ చెప్పారు. "ఇది పిల్లి. అది చచ్చిపోయి ఎన్నేళ్ళో. ఇది మా వారు పోయిన ఏడు, తలుపు మూల కొట్టుకుంది. ఇది మా అమ్మాయి గాజు ముక్క, చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఆడుకుంటుంటే. అప్పటికే చుక్కలు మొదలుపెట్టాను." ఆ ఎరుపు మీద దూది అద్దుతుంటే ఆవిడ కిటికీ వంక చూస్తూ కూర్చున్నారు. దూది తగిలిన సంగతి ఆవిడకి తెలియదు.

"ముఖానికి మాత్రం దేన్నీ తగలనివ్వలేదు" అన్నారు.

నేను భయపడ్డాననుకుంటారేమో. లేదు. అవి ఎంత శుభ్రంగా ఉన్నాయో మీరు చూడాలి. మీ వార్డులో అలాంటివి ఉండవు.

వంటాయన ఎందుకు అంత నెమ్మదిగా కోస్తాడో అర్థమైంది. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. నేను కూడా తొడుగులు వేసుకుంటున్నాను. మూలలున్న సామానుకి దూరంగా నడుస్తున్నాను.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మరదలు


ఇల్లు,
వంటింటి బల్ల మీద

నువ్వు నన్ను గారు అన్నావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మర్యాద చెయ్యనిదానివి. ఆ రెండక్షరాలు చూశాకే మీ అన్నయ్యని పంపించాను.

వచ్చి వెళ్ళాడు కదా. నీకు చెప్పి ఉండడు, నేను చెబుతాను. లారీ తెచ్చి వాకిట్లో ఆపి దిగకుండా కూర్చున్నాడు. నేనే వెళ్ళి తలుపు తీశాను.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది."

"బాగుంటే ఏడుస్తావెందుకు?"

"మన పెళ్ళి ఫొటోలో నీ వెనకాల నిలబడి ఉంటుంది చూడు, అలా ఉంది. సరిగ్గా ఆ ఫొటోలోలాగే ఉంది."

మధ్య గదిలో నీ చెయ్యి పట్టుకోబోతే, "అన్నయ్యా, దూరంగా ఉండు, నీ గోరు తగులుతుంది" అన్నావట. భుజాల మీదెక్కించుకుని ఊరంతా తిప్పినవాణ్ణి అన్నావట ఆ మాట! తరవాత గాజు అవతలికి వెళ్ళి కళ్ళార్పకుండా నిలబడ్డావట. "అది నన్ను చూసింది కానీ, చూసి ఏమీ అనుకోలేదు" అన్నాడు. మీ అన్నయ్యకింత మాట చెప్పడం వచ్చని నాకు తెలీదు.

విను. మా వార్డులో గాయం మానేటప్పుడు దురద పుడుతుంది, సలుపుతుంది, పొక్కు కడుతుంది, మచ్చ పడుతుంది. రోగులందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం సలుపుతోందన్న వాడి దగ్గర నిశ్చింతగా కూర్చుంటాను. సలపడం లేదన్న వాడి కోసమే డాక్టరుకి కబురు పెడతాను.

నువ్వు అందంగా ఉన్నావట. సంతోషం. ఇంటికి రా. నీ ముఖం నా ఇష్టమొచ్చినట్టు పాడు చేస్తాను.

వదిన


అమ్మగారి కూతురి ఇల్లు,
పెరటి వైపు గది

వదినా,

బయటికొచ్చేశాను.

అమ్మగారికి కూతురుందని తెలుసు, చూడలేదు. ఏడాదికోసారి వచ్చి ఆ మధ్య గదిలో నిలబడి, గాజులోంచి తల్లిని చూసి వెళ్ళిపోతుందట. మొన్న వచ్చింది. తలంతా నెరిసిపోయి, ఒక చేతిలో కర్ర. ముఖం నిండా గీతలు. గాజుకి ఇవతల తల్లి, అవతల కూతురు. ఎవరికి ఎవరు అమ్మో కొత్తవాళ్ళు చెప్పలేరు.

"అమ్మా, గుండె ఇంక పనిచెయ్యదట. మళ్ళీ రాలేనేమో. ఒక్కసారి బయటికొచ్చి నా తల మీద చెయ్యి వేస్తావా?" అంది.

అమ్మగారు చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నా వైపు తిరిగి, "ఆవిడ ఏడుస్తోంది. నువ్వు వెళ్ళి తుడిచి రా. నా బదులు" అంది.

నేను వెళ్ళాను వదినా. మంచినీళ్ళు తెమ్మంటే వెళ్ళినట్టే వెళ్ళాను. లోపలి తలుపు నా వెనక మూసుకుంది. కూతురు ఊపిరాడక కాబోలు వీధి తలుపు ఓరగా తీసింది, అందులోంచి గాలి వచ్చింది. తడిమట్టి వాసన, లారీ పొగ, ఎవరింట్లోనో మాడిన పాలు. గుండెల నిండా ఒక్కసారి పీల్చేసరికి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. చెయ్యి తొడుగు తీసి ఆవిడ చెంప తుడిచాను. ఆ చెంప వెచ్చగా, మెత్తగా, నలిగిన గుడ్డలా ఉంది. అప్పుడు నా వేలు భగ్గుమంది. నెలల నొప్పంతా దాచిపెట్టి ఒక్కసారి ఇచ్చినట్టు. అరిచేశాను. ఆవిడ చెంప మీద నా రక్తం.

ఆవిడ నా వేలు చూసి, తన కొంగుకి అద్దుకుని, "బతికే ఉన్నావు కదా తల్లీ" అంది.

లోపలి నుంచి గాజు మీద చప్పుడైంది. అమ్మగారు రెండు చేతులా కొడుతోంది. కూతుర్ని పిలుస్తోందనుకున్నాం ఇద్దరమూ. ఆవిడ కర్ర వదిలేసి గాజుకి చెవి ఆనించింది. గాజు అవతల నుంచి లీలగా వినిపించింది.

"వీధి తలుపు. వీధి తలుపు వెయ్యండి. గాలొస్తోంది."

నేనే వేశాను. ఆవిణ్ణి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చి, మా వెనక నేనే లాగి వేశాను.

ఇప్పుడు వేలు పొక్కు కట్టింది. పిచ్చి దురద. ముఖం పొట్టు రాలుతోంది, పాత గీతలకి తోడు కొత్తవి తేలుతున్నాయి. రాత్రిళ్ళు కాళ్ళు లాగుతున్నాయి, ఆకలి మండిపోతోంది. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను, ఈవిణ్ణి చూసుకునేవాళ్ళు లేరు. తలకి నూనె రాస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, "అమ్మ చెయ్యి ఇలాగే ఉంటుందా?" అని అడుగుతుంది. ఉంటుందని చెబుతున్నాను.

అన్నయ్యకి నా మాటగా చెప్పు, గోళ్ళు ఎంత పెంచుకున్నా పర్లేదని.

నీ పాండా


కూతురి ఇల్లు,
బుధవారం

వదినా,

ఆవిడ నిన్న తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే. నా చెయ్యి పట్టుకునే ఉంది.

గాజు తలుపుల ఇంటికి కబురు పంపాను. తల్లి రాదని తెలుసు. అయినా కబురు పంపకుండా ఉండలేకపోయాను.

మధ్యాహ్నం వాకిట్లో ఎవరో నిలబడ్డారని చూస్తే నిదానం. ఎండలో అతణ్ణి నేనెప్పుడూ చూడలేదు. గోధుమరంగు వెలుతురు లేకపోతే ముఖం కాగితంలా ఉంది. రెండు చేతులూ పాత దుప్పటి ముక్కలతో చుట్టుకున్నాడు, ముక్కలన్నీ తడిసి ఎర్రబడ్డాయి. నడిచొచ్చాడట, అంత దూరం. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. నొప్పికి పళ్ళు బిగించి తాగాడు.

"అమ్మగారికి చెప్పావా?" అన్నాను.

"చెప్పాను."

"ఏమంది?"

"ఎన్నేళ్ళావిడకి అని అడిగారు. యాభై ఐదమ్మా అన్నాను. 'పాపం, నిండు వయసే' అన్నారు." గ్లాసు కింద పెట్టాడు. "తరవాత, భూతద్దం పట్టేదానివి నువ్వు లేవుగా, అద్దం పట్టుకురమ్మన్నారు. సరేనని గదిలోంచి వచ్చాను. అద్దం హాల్లో ఉంది. హాలు దాటేశాను. తలుపులు కూడా దాటేశాను. ఎందుకొచ్చానో నాకే తెలీదమ్మా. కాళ్ళు ఆగలేదు."

అమ్మగారి మంచం పక్కన తిండీ నీళ్ళూ ఉన్నాయంటాడు. యంత్రం నడుస్తూనే ఉంటుందంటాడు. ఆవిడ ఇంకా కిటికీ దగ్గర కుర్చీలోనే కూర్చుని అద్దం కోసం చూస్తూ ఉంటుంది వదినా. అంత పెద్ద ఇంట్లో ఒక్కతే. విసుక్కోదు కూడా, నాకు తెలుసు. అక్కడ దేనికీ తొందర ఉండదు.

అలా వదిలెయ్యలేను. మళ్ళీ ఆ గాలి పీల్చాలంటే నా ఒళ్ళు జలదరిస్తోంది. రేపు మధ్యాహ్నం వెళ్తాను. ముందు బయటి నుంచే కిటికీలు తెరుస్తాను, తెరుచుకోకపోతే పగలగొడతాను. ఆ తరవాతే లోపలికి. గాలి తగిలితే ఆవిడకి ఏమవుతుందో చెప్పు. ఈ డ్రైవరు రాత్రికే మీ ఊరు చేరతానన్నాడు, తెల్లారేసరికి తిరిగొస్తాడు.

నీ ఆడపడుచు


ఇల్లు

తల్లీ,

డ్రైవరు టీ తాగేలోపు రాస్తున్నాను.

ఏమవుతుందో నాకు తెలీదు. డాక్టరమ్మని నిద్ర లేపి అడిగాను, ఆవిడకీ తెలీదు. నీ ఒక్క వేలే అంత మండితే ఆవిడకి ఒళ్ళంతా ఒకేసారి మొదలవుతుంది. పిల్లి గీరిందీ, మొగుడు పోయిన ఏటిదీ, కూతురి గాజు ముక్కదీ. ఆ అరుపు వినడానికి నువ్వొక్కదానివీ ఉండకూడదు.

నేను వచ్చేదాకా ఒక్క కిటికీ ముట్టుకోకు. మీ అన్నయ్య లారీ బయటికి తీస్తున్నాడు. డాక్టరమ్మ వస్తోంది. వార్డులో ఉన్న దూదీ, కట్లూ, నొప్పి తగ్గించే మందులూ ఉన్నవన్నీ పెట్టెలకెత్తించాను. చాలవేమో. దారిలో ఇంకా కొంటాను.

గేటు దగ్గర ఉండు. కలిసి వెళ్దాం.

వదిన